నెయ్యి పట్టించిన వేట సంచి

ఒక మనిషి తన పరువును తన చేత్తోనే తీరిగ్గా కుట్టి, భుజాన తగిలించుకుని పదిమంది మధ్య ఊరేగడం మీరెక్కడైనా చూశారా? నేను ఊరేగాను. ఎనభైల మొదట్లో, నార్త్ కెరొలైనాలోని క్యారీలో.

అప్పుడు నేనొక మందుల కంపెనీ ల్యాబులో కెమిస్టుని. నా పక్క బల్ల వాల్టర్‌కి పాతకాలపు తుపాకులంటే ప్రాణం. గొట్టంలో మందు కూరి, గుళ్లు పోసి పేల్చే రకం. అతని కౌజుపిట్టల వేట కబుర్లు ఏడాదిగా నోరు తెరుచుకుని వింటున్న నామీద జాలేసిందో ఏమో, ఒకరోజు పిలిచాడు.

"శనివారం నువ్వూ రా ప్రసాద్. తుపాకి నేనిస్తాను. కానీ సామాను పెట్టుకునే సంచి మా జట్టులో ఎవరిది వాళ్లే కుట్టుకోవాలి. కాన్వాసుతో కుట్టు. తడవకుండా పైన మైనం పట్టించు."

ఇంతేనా అనుకుని మా ఆవిడ సుశీల కుట్టుమిషన్ ముందు కూర్చున్నాను. మొదటి సూది విరిగింది. రెండోదీ విరిగింది.

"ఏం కుడుతున్నారండీ, ఏనుక్కి లాగూనా?"

"వేట సంచి. నీకు తెలీదులే."

"నాకు తెలిసిందల్లా అది చివరి సూది అని. లేవండి!"

లేచాను. డబ్బనం పట్టుకుని మూడు రోజులు చేత్తో కుట్టాను. కాన్వాసుకంటే నా వేళ్లకే ఎక్కువ పోట్లు పడ్డాయి.

శుక్రవారం సాయంత్రం చూసుకుంటే మైనం తేవడం మరిచాను. వంటింట్లో సుశీల అప్పుడే కాచిన నెయ్యి ఘుమఘుమలాడుతోంది. మైనమూ నీటిని దగ్గరికి రానివ్వదు, నెయ్యీ రానివ్వదు. ఇక తేడా ఏముంది? కెమిస్టు బుర్ర మరి! గిన్నెడూ పట్టించేశాను.

"ఏవండీ, నెయ్యేదీ?"

"సైన్స్ కోసం యూజ్ చేశాను."

ఆ రాత్రి నాకు ఉత్త పప్పన్నమే గతి.

పొద్దున చలికి నెయ్యి గడ్డకట్టి సంచి నిగనిగలాడింది. "అచ్చం వేటగాడి సంచే!" అని వాల్టర్ మెచ్చుకున్నాడు. జట్టుతో అడవిలోకి దిగేసరికి ఎండెక్కింది. వాల్టర్ కుక్క డైసీ ఉన్నట్టుండి ఆగింది. తోక నిటారుగా లేపి, ముందు కాలొకటి పైకెత్తి, శిలలా నిలబడింది. పిట్టను పసిగడితే అది అలాగే నిలబడుతుందట.

"ఎవరూ కదలకండి," అన్నాడు వాల్టర్ గుసగుసగా.

అది నావైపే చూస్తోంది. పిట్ట నా వెనక ఉందేమోనని పక్కకి జరిగాను. డైసీ ముక్కు కూడా జరిగింది. ఇటు జరిగాను. ఇటు తిరిగింది.

"ప్రసాద్, నీ సంచిలో ఏముంది?"

"తుపాకి తుడిచే గుడ్డపీలికలు."

"మరి పైన?"

"అదీ... బటర్‌లాంటిది."

మా సంభాషణ వినో ఏమో, అవతలి పొదలోంచి కౌజులన్నీ బుర్రున ఎగిరిపోయాయి. తుపాకి ఎత్తిన నాథుడు లేడు. అందరూ నన్నే చూస్తున్నారు. డైసీ ఒక్క దూకు దూకింది. నా మూడు రోజుల కుట్లు మూడు క్షణాల్లో ఊడాయి. సంచి నోట కరుచుకుని పొదల్లోకి మాయమైంది.

పావుగంట తర్వాత తిరిగొచ్చి, నాకి నాకి తెల్లబరిచిన సంచిని వాల్టర్ కాళ్ల దగ్గర భక్తిగా పెట్టింది.

వాల్టర్ టోపీ తీశాడు. "పదేళ్లలో ఇది ఇంత శ్రద్ధగా వేటాడటం ఇదే మొదటిసారి. ఇంతకీ ఆ మైనం ఏ షాపులో దొరుకుతుంది?"

అక్కడే, ఆ అడవిలో, చెయ్యెత్తి ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో ఇక సంచి కుట్టను. కుట్టినా నెయ్యి రాయను. రాసినా, కుక్కకంటే ముందు నేనే నాకేస్తాను.