బొట్టు పెట్టిన పలక

గోదావరి దాటడానికి పడవ ఎక్కేటప్పుడు మీరు ముందు దేనికోసం చూస్తారు, లైఫ్ జాకెట్టు కోసమా, దాన్ని నడిపే సరంగు కొట్టే కొబ్బరికాయ కోసమా? నిజం చెప్పండి. మొన్న మా లంక రేవులో కొత్త సరంగు కాయ కొట్టి, హారతి ఇచ్చి, ఆ చేత్తోనే ఒడ్డున పాకలో వేలాడే చెక్క పలకకు బొట్టు పెట్టాడు. దాని మీద మా మావయ్య తెల్లరంగుతో రాసిన తొమ్మిది వరుసలున్నాయి. పసుపూ కుంకుమా పేరుకుపోయి మూడే కనబడుతున్నాయి. "చదవవేమయ్యా?" అన్నాను. "దండం పెట్టేసుకున్నాం కదండీ, ఆయ్" అన్నాడు. నా ఒళ్లు మండిపోయింది.

మావయ్య వాయుసేనలో రవాణా విమానాలు నడిపేవాడు. మంచుకొండల్లో కాపలా కాసే జవాన్లకు బియ్యం, కిరసనాయిలు దించి వచ్చేవాడు. సెలవుల్లో మా అమ్మమ్మ వండిన పనసపొట్టు కూర తింటూ, "ఎన్నిసార్లు ఎగిరినా, జాగ్రత్తల కాయితం చూసి పైకి చదవందే ఇంజను ముట్టుకోనమ్మా" అనేవాడు. నలభై దాటకముందే తలలో గడ్డ లేచింది. ఆపరేషన్ చేశారు, బతికాడు, కానీ ఫిట్స్ మొదలయ్యాయి. ఇక విమానం ఎక్కనివ్వలేదు. పలకరించడానికొచ్చిన బంధువులు కాఫీ తాగుతూ, మంచం మీది మనిషి వింటూండగానే, "గుడి గోపురం మీంచి ఎగిరేడు కదండీ, ఊరికే పోద్దా?" అన్నారు. శాంతి చేయించమన్నారు. మావయ్య నవ్వి, "అయితే గోపురం మీద వాలే కాకులకి ఎన్ని గడ్డలుండాలో" అన్నాడు. ఆయనకు నవ్వొచ్చింది. నాకు ఇప్పటికీ రావడం లేదు.

జబ్బు తర్వాత మతిమరుపు పట్టుకుంది. పళ్లు తోమడం నుంచి మందులు వేసుకోవడం దాకా ప్రతి పనీ కాయితం మీద రాసుకుని, పైకి చదివి చేసేవాడు. ఓ ఉదయం రేవులో పడవ ఎక్కి జాకెట్లేవని అడిగితే, అవి సరంగు ఇంట్లో కోళ్లగంప మీద కప్పి ఉన్నాయని తేలింది. మర్నాడే పలక వెలిసింది. జాకెట్లు, తెడ్లు, లంగరు తాడు, ఇంజను నూనె, అడుగున నీరు, ఎక్కిన జనం... సరంగు ఒక్కొక్కటీ చదివి, చూపించాలి. అప్పటిదాకా మావయ్య పడవ ముందుకొస మీద కూర్చుని లేచేవాడు కాదు. "పైలట్టుగారొచ్చేరు, ఇక విమానం లేచినట్టే" అని ఆడవాళ్లు మూతులు తిప్పేవారు. ఆయన ఏ రోజూ మానలేదు. విమానం పోయిన మనిషికి ఆ రేవే ఉద్యోగమైంది.

వరదకు ఎర్రనీళ్లు దిగిన రోజొకటి. పెళ్లివారితో పడవ నిండిపోయింది. "ముహూర్తం దాటిపోతాదిరా, నీ చదువు తర్వాత!" అని మా పెద్దమ్మ అరిచింది. "ముహూర్తానికి ఈత రాదక్కా" అన్నాడు మావయ్య. సరంగు చదువుతూ తాడు దగ్గర ఆగాడు. సగం తెగి ఉంది. పాకలోంచి వేరేది తెచ్చి కట్టారు. సగం మందిని దింపారు. నడిగోదారిలో ఇంజను ఆగిపోయింది. ఆ తాడుతోనే లంగరు దించి, ఇంజను బాగయ్యేదాకా ప్రవాహానికి కొట్టుకుపోకుండా నిలబడ్డాం. ఒడ్డెక్కగానే పెద్దమ్మ అప్పనపల్లి గుడి వైపు తిరిగి దండం పెట్టింది. మావయ్యను మాత్రం ముహూర్తం తప్పించాడని తిట్టింది. నేనూ ఆ పడవలోనే ఉన్నాను. హేతువాద సభల్లో గొంతు చించుకునే నేను, చొక్కా నలుగుతుందని జాకెట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆ సిగ్గు కూడా ఈ కోపంలో ఉంది.

రెండేళ్ల కిందట గడ్డ మళ్లీ వచ్చి ఆయన పోయాడు. బతికుండగా పిచ్చోడన్న నోళ్లే ఇప్పుడు మహానుభావుడంటున్నాయి. పలక చదవడం మానేసి, పూజించడం మొదలుపెట్టాయి. మొన్న నేను కండువా తడిపి తుడిచాను. "అపచారమండీ!" అన్నాడు సరంగు. మొదటి వరుస బయటపడింది: జాకెట్లు. పడవలో ఒక్కటీ లేదు. పనికి పోయే ఆడవాళ్లు అప్పటికే ఎక్కి కూర్చున్నారు.

ఒక మనిషి ఏళ్లతరబడి నేర్పిన జాగ్రత్తను చెరపడానికి కాలానికి రెండేళ్లు చాలాయి, మన చేతులు సాయం పట్టబట్టి. మీ రేవుకు వెళ్లండి. పలక లేకపోతే రాసి కట్టండి. ఉంటే తుడవండి. సరంగు పైకి చదివి చూపించేదాకా పడవలో కాలు పెట్టకండి.