నా భార్య అడిగిన మాట

ఐరాల దగ్గర ఒక తోటలో మామిడికాయలు కోస్తుంటే కొమ్మ విరిగి కింద పడ్డాను. అప్పుడు నాకు ముప్పై నాలుగేళ్లు. నడుము దగ్గర వెన్నుపూస చితికింది. ఆపరేషన్ అయిన ఎనిమిది నెలలకు, చంకకర్రల మీద వాకిలి దాటగలిగాను. చూసినవాళ్లంతా "లేసి నడిసినావు, అదే సాలప్పా" అన్నారు. నేనూ తలూపాను.

నాకు మాత్రం చాలలేదు. భార్య పక్కన పడుకున్నా నా ఒంట్లో చలనం ఉండేది కాదు. ఆ సంగతి ఆమెతో చెప్పలేక, నడుం నొప్పి అని సాకు పెట్టి మంచం వసారాలో వేయించుకున్నాను. నాలుగు రోజులు చూసింది. ఒక పొద్దున తనే మంచాన్ని లోపలికి లాక్కొచ్చింది.

"కాళ్లకైతే తిరుపతి ఆస్పత్రికి పోతాండావు కదా. దీనికెందుకు పోవు?" అంది.

వెళ్లాం. డాక్టరుతో నేను కాళ్ల సంగతే చెప్పాను. కాళ్ల పరీక్ష అయ్యి లేవబోతుంటే ఆమే అడిగింది.

"సార్, మేము మళ్లా మొగుడూ పెండ్లాలుగా ఉండేదానికి మందేమన్నా ఉండాదా?"

ఆయన పెన్ను కింద పెట్టి, "ఇది మీరు ఎప్పుడో అడగాల్సిందప్పా" అన్నారు. వెన్నులోంచి కిందికి పోయే నరాలు దెబ్బతినడం వల్ల వచ్చిందనీ, దీనికి వైద్యం ఉందనీ చెప్పారు. బీపీ, గుండె చూసి మాత్రలు రాశారు.

మాత్రలతో ఫలితం కనిపించలేదు. మోతాదు పెంచినా అరకొరే. ఇక వద్దన్నాను.

"కర్రలతో నడిసేదానికి ఎన్నితూర్లు పడితివి? అప్పుడు మానుకుంటివా?" అంది.

మళ్లీ వెళ్లాం. ఈసారి గాలి లాగి అంగంలోకి రక్తం చేర్చే చిన్న చేతిపంపు వాడే పద్ధతి ఇద్దరికీ నేర్పారు. ఆ రక్తం వెనక్కి పోకుండా బిగించే రింగును అరగంటలోపు తీసెయ్యాలనీ, నాకు అక్కడ స్పర్శ తక్కువ కాబట్టి గడియారం చూసుకోవాలనీ గట్టిగా చెప్పారు.

మొదటిసారి పంపు చేతిలోంచి జారి మంచం కిందికి దొర్లింది. నేను వంగలేను. ఆమె వంగి తీస్తూ పకపకా నవ్వింది. నాకూ నవ్వు ఆగలేదు. నేను చెట్టు మీంచి పడ్డాక మేమిద్దరం కలిసి నవ్వింది అదే మొదలు.

కొన్ని వారాలకు చేయి తిరిగింది. మునుపటిలా లేదు. ముందే అన్నీ సిద్ధం చేసుకోవాలి, స్పర్శ సగమే. అయినా ఆమె ఒంటి వెచ్చదనం నా చేతులకు పూర్తిగా తెలుస్తుంది. ఇప్పుడు బిడ్డను కనాలని పరీక్షలకు తిరుగుతున్నాం.