మినెకోను ఎవరు ఆడించారు?

ఇబుకి మినెకోకు యాభై ఒకటో ఏడు వచ్చింది గానీ ఒకచోట కుదురుగా కూర్చోవడం రాలేదు. ఒసాకాలో భోజనం డబ్బాలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఆమెది పొద్దుటి షిఫ్టు. కదిలే బెల్టు ముందు నిలబడి, ఒక్కో డబ్బాలో ఒక్కో వేయించిన రొయ్యను తోక పైకి ఉండేలా పెట్టాలి. పదకొండేళ్లయినా ఇంకా కాంట్రాక్టు మనిషే. బెల్టు ఆగినా ఆమె మడమ ఆగేది కాదు.

"మినే అక్కా, నీకు బ్యాటరీ ఎవరు వేశారు?" అని పక్కవాళ్లు ఏడిపించేవాళ్లు.

"ముందు మీ చెవులకి వేయించుకోండి" అనేది.

ఆ మడమను ఆడించేది యంత్రాలతో చేసే సంగీతం, అందరూ ఎలక్ట్రానిక్ అనేది. ఇరవై ఏళ్లుగా ఆమె వింటున్నది అదే. విన్నది కడుపులో దాచుకునే మనిషి కాదు కనక ఏడాదికోసారి ఒక చిన్న పుస్తకం వేసేది. 'మొదటిసారి వినేవాళ్లకు' అని పేరు. చేత్తో రాసి, జిరాక్స్ తీసి, స్టేప్లర్ కొట్టిన ముప్పై రెండు పేజీలు. రికార్డుల కొట్లలో గల్లాపెట్టె పక్కన పెడితే ఎవరైనా ఊరికే పట్టుకెళ్లవచ్చు. పేజీకొక కళాకారుడు.

"కజామా రొకురో. అమగసాకిలో టీవీలు బాగుచేసేవాడు. పాటకు గొంతు కలిపి పాడుకునే కరావోకే పెట్టెలు పాడైతే, వాటిలోంచి పీకిన ముక్కలతో వాయిద్యం కట్టుకున్నాడు. మొదటి ఏడు నిమిషాలూ ఏమీ జరగదు. లేచి వెళ్లిపోకండి."

"కాల్విన్ డుప్రీ. డెట్రాయిట్. కార్ల ఫ్యాక్టరీ మూతపడి తండ్రి ఇంట్లో కూర్చున్న ఏడాది, నల్లవాళ్ల పేటలో, పడకగదిలో కట్టిన పాటలు. ఇది పనీపాటా లేనివాళ్ల సంగీతం అనేవాళ్లు ఎవరి పని ఎవరు లాక్కున్నారో ముందు కనుక్కోవాలి."

పన్నెండో పేజీ పెక్ సున్‌జాది. "ఒసాకాలో కొరియావాళ్లు ఎక్కువగా ఉండే ఇకునో పేట. తల్లి చెప్పుల కార్ఖానాలో రబ్బరు అచ్చు యంత్రం తొక్కేది. ఆ యంత్రం చప్పుడు మీదే సున్‌జా పాటలన్నీ నడుస్తాయి. కొరియా పేరు తీసేసి జపాను పేరు పెట్టుకోమన్న కంపెనీకి దండం పెట్టి, రికార్డు సొంతంగా వేసుకుంది. మార్చి తొమ్మిది, మినామో బార్. నలభయ్యో నిమిషానికి ముప్పై మందిమీ డాన్సు చేస్తున్నాం. గోడకానుకుని బీరు పట్టుకున్న ముసలాయన కూడా ఆగలేకపోయాడు. నా బూటు మడమ ఊడింది."

తేదీ, చోటు లేకుండా రాయడం ఆ అభిమానుల లోకంలో నామోషీ. ఎప్పుడు విన్నావో చెప్పలేనివాడు వినలేదనే లెక్క. ఆ పట్టింపే ఆమెను పోలీస్ స్టేషన్ దాకా తీసుకొచ్చింది.

మినామో నేలమాళిగలో ఇరుకైన బార్. యజమాని సొమేయా. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన మూడేళ్లకు వచ్చిన చట్టమొకటి ఇంకా బతికే ఉంది. లైసెన్సు లేకుండా గిరాకీల చేత డాన్సు చేయించకూడదు. లైసెన్సుకు ఇంత వైశాల్యం నేల ఉండాలి. చిన్న బార్లకు ఆ నేలా ఉండదు, లైసెన్సూ రాదు. పెద్ద హోటళ్ల పెళ్లి హాళ్లలో తాగి చిందులేసేవాళ్ల జోలికి మాత్రం ఎవరూ పోరు. ఆ చట్టం కిందే పోలీసులు సొమేయాను పట్టుకెళ్లి పదకొండు రోజులైంది. అప్పుడు దొరికిన కాగితాల్లో మినెకో పుస్తకం ఒకటి.

స్టేషన్‌కు వెళ్లే ముందురోజు సొమేయా భార్య కయో ఫోన్ చేసింది. "అక్కా, నీ కాళ్లు పట్టుకుంటాను. అందరూ కూర్చుని విన్నారని చెప్పు. ఎవరూ డాన్సు చెయ్యలేదను."

మినెకో సరే అనలేదు, కాదనలేదు. ఫోన్ పెట్టేసి, ఆ చిన్న గదిలోనే అటూ ఇటూ తిరిగింది. డాన్సు చెయ్యలేదని చెబితే సొమేయా బయటపడొచ్చు. కానీ ఆ పాటలకు ఎవరూ కదల్లేదని చెప్పడమంటే, ఇరవై ఏళ్లూ తను రాసిందంతా అబద్ధమని తన నోటితో తనే ఒప్పుకోవడం.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఆమెను కూర్చోబెట్టిన గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, కంప్యూటరు ఉన్నాయి. విచారించే అధికారి పేరు కుగా. నలభై దాటినవాడు, మర్యాదస్తుడే. పన్నెండో పేజీ తెరిచి ముందు పెట్టాడు.

"ఇది మీ రాతేనా ఇబుకిగారూ?"

"నాదే. చేతిరాత బాగాలేదు, ఏమనుకోకండి."

"ముప్పై మంది డాన్సు చేశారన్నారు. మీరు డాన్సు అనేది దేన్ని? మోకాళ్లు వంగాయా?"

"వంగకపోతే కూర్చోవడం కూడా కష్టం కదండీ."

"పాదాలు నేలమీద నుంచి లేచాయా?"

"నావా? నావి ఇప్పుడూ లేస్తున్నాయి."

కుగా బల్ల కిందికి చూశాడు. "కాస్త ఆపండి. నాకు తలనొప్పి వస్తోంది."

ఆమె అరచేత్తో మోకాలు అదిమి పట్టుకుంది. ఆగితే ఒళ్లంతా చీమలు పాకినట్టుంది.

"ఊగడం వేరు, డాన్సు వేరు," అన్నాడు కుగా. "వాళ్లు ఊగారా, డాన్సు చేశారా?"

కయో అడిగిన మాటకు చోటు ఇక్కడే ఉంది. ఊగారు అంటే చాలు. మినెకో మోకాలి మీది చెయ్యి తీసేసింది.

"డాన్సు చేశాం. మీరూ అక్కడుంటే చేసేవారు. సున్‌జా పాటలో మొదట రబ్బరు యంత్రం ఒక్కటే ఉంటుంది, కూలిపనిలా. ఎంతకీ తెమలదు. మనకి విసుగు. అప్పుడు కింద ఇంకో చప్పుడు..."

"పాట సంగతి వద్దు."

"పాట సంగతి లేకుండా డాన్సు సంగతి ఏముంటుంది సార్?"

కుగా తల ఊపి టైపు చేయడం మొదలుపెట్టాడు. అక్కడి పద్ధతి అది. సాక్షి చెప్పినదాన్ని అధికారి తన మాటల్లో, సాక్షే రాసినట్టు, 'నేను' అంటూ రాస్తాడు. చదివి వినిపిస్తాడు. సాక్షి సంతకం పెట్టి తన పేరున్న ముద్ర వేస్తే ఆ మాటలు ఇక సాక్షివే.

గంటన్నరకు రెండు పేజీలు తయారయ్యాయి. కుగా గొంతు సవరించుకుని చదివాడు.

"నేను మార్చి తొమ్మిదిన మినామోకు వెళ్లాను. అక్కడ యజమాని సొమేయా, పెద్ద శబ్దంతోనూ మసక వెలుతురుతోనూ గిరాకీలను రెచ్చగొట్టి, వారి చేత డాన్సు చేయించాడు. నేను కూడా ఆ వాతావరణానికి లొంగి..."

"ఆగండి. ఎవరు లొంగారు?"

"మీరు."

"నేనా! మా ఆయనకే లొంగలేదు, అందుకే వెళ్లిపోయాడు. అది కొట్టేయండి. సొమేయా ఎవరినీ రెచ్చగొట్టలేదు. ఎవరైనా గట్టిగా అడుగేస్తే 'బాబూ, గ్లాసులు పగులుతాయి' అని మొత్తుకునేవాడు."

"మరి మీ చేత డాన్సు చేయించింది ఎవరు?"

"పెక్ సున్‌జా!" అంది మినెకో ఠక్కున, పుస్తకంలో రాసినంత గర్వంగా.

కుగా వేళ్లు మీటల మీద ఆగాయి. "ఆమె చిరునామా తెలుసా? పిలిపిద్దాం. ఈ కజామా కూడా అక్కడ వాయించాడా?"

మినెకో ఒంట్లోని కదలికంతా ఒక్కసారి ఆగిపోయింది. నలుగురికీ తెలియాలని ఒక్కొక్కరి గురించీ ఊరూ పేరూ వరుసపెట్టి రాసింది. ఆ పుస్తకం ఇప్పుడు ఇతని చేతిలో పిలిపించాల్సినవాళ్ల జాబితా అయింది. ఇకునోలో పుట్టిన కొరియా మనిషిని స్టేషన్‌కు పిలిస్తే మొదటి ప్రశ్న సంగీతం గురించి కాదు, ఈ దేశంలో ఉండే కాగితాల గురించి ఉంటుందని ఆ పేట అంతటికీ తెలుసు.

"తప్పు చెప్పాను," అంది. "నా చేత ఎవరూ చేయించలేదు. నాకు చెయ్యాలనిపించింది, చేశాను. ఆ ముసలాయనా అంతే. అదే రాయండి. 'నేను నా అంతట నేనే డాన్సు చేశాను. నా చేత ఎవరూ చేయించలేదు.'"

"అది రాయలేను."

"ఎందుకు? నేనన్న మాటే కదా?"

"చట్టంలో ఉన్నది 'చేయించడం'. ఎవరూ చేయించకపోతే మరి నేరం..." కుగా మధ్యలో ఆపేశాడు. ఆపడం ఆలస్యమైందని అతని ముఖమే చెప్పింది.

"నేరం లేదు," అంది మినెకో. "ఆ మాట మీరే అన్నారు. రాయరు, అంతే."

అతను కాగితాలు ఆమె ముందుకు జరిపాడు. "సంతకం ఇక్కడ. ముద్ర తేకపోతే బొటనవేలు చాలు."

"ఇది నా మాట కాదు. పెట్టను."

"పెట్టకపోతే మళ్లీ పిలవాల్సి వస్తుంది. అవసరమైతే మీ ఫ్యాక్టరీకే వచ్చి మాట్లాడతాం. మీరు కాంట్రాక్టు మీద ఉన్నారనుకుంటాను."

ఆ మాట తగలాల్సినచోటే తగిలింది. ఏప్రిల్‌లో కాంట్రాక్టు తిరగరాస్తారు, రాయకపోనూవచ్చు. ఈ ఊళ్లో సగంమంది పేదవాళ్ల నోళ్లు మూసేది ఇలాంటి మర్యాదైన గొంతులే. అయినా మినెకో లేచి నిలబడింది.

"రండి సార్. పొద్దున్నే అయిదింటికి రావాలి. మోచేతుల దాకా చేతులు కడిగి, టోపీ పెట్టుకుంటేగాని లోపలికి రానివ్వరు. రొయ్య తోక పైకి ఉండాలి, నేను చూపిస్తాలెండి."

కుగా నవ్వలేదు. ఆమెను ఆపనూ లేదు. సాక్షిగా వచ్చిన మనిషిని ఆపే హక్కు అతనికి లేదు.

స్టేషన్ ఎదుట, సైకిళ్లు నిలిపే చోట కయో నిలబడి ఉంది. మినెకోను చూడగానే పరుగున వచ్చింది.

"చెప్పావా? డాన్సు చెయ్యలేదని చెప్పావా?"

"చేశానని చెప్పాను."

"నీకు నోరు ఆపుకోవడం చేతకాదు కదా! ఆయన లోపల ఉన్నాడని ఒక్కసారైనా గుర్తొచ్చిందా?"

"గుర్తొచ్చే సంతకం పెట్టలేదు. అబద్ధం చెబితే ఆ పుస్తకం చూపించి నన్ను అబద్ధాలకోరును చేసేవాళ్లు. వాళ్లకి కావలసింది డాన్సు కాదు కయో, సొమేయా చేయించాడన్న ఒక్క మాట. దాన్ని వాళ్ల మాటల్లో రాసి మన చేత ముద్ర వేయించుకుంటారు."

కయో సంచిలోంచి ఒక కాగితం తీసి చూపించింది. రేపు పదింటికి ఆమెకూ పిలుపు ఉంది.

"నాకు నీలా తెగువ లేదక్కా. ఆ అధికారి చదువుతుంటే భయంతో అన్నిటికీ తలూపేస్తాను."

"తెగువ నాకూ లేదు. ఏప్రిల్‌లో నా కాంట్రాక్టు ఏమవుతుందో." మినెకో కయో భుజం పట్టుకుని, స్టేషన్ గేటుకు వీపు తిప్పించి నడిపించింది. "చదివేటప్పుడు రెండుసార్లు చదివించు. 'నేను' అని వచ్చిన ప్రతిచోటా ఆపు. ఆ మాట నువ్వు అన్నావా లేదా చూసుకో. అనకపోతే, అనలేదని చెప్పు. కావలసింది అంతే. పద, ఇప్పుడే ఒకసారి చేసి చూద్దాం. నేనే ఆ అధికారి కుగా అనుకో. నువ్వు ఆపు."