ఒక గొట్టం, రెండు గుర్రాలు

మా ఊరి వాగు మీద వంతెన వేయించింది నేను. కొండ ఊట నుంచి ఇళ్లకు నీళ్లు దింపించిందీ నేనే. ఐదో తరగతి చదువుతో ఇంత చేశానని చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. అయినా వాటాల తగవు వస్తే జనం నా గుమ్మం తొక్కేవారు కారు. మా వదిన దగ్గరికి వెళ్లేవారు. ఆమెకు తక్కెడ అని పేరు. గడ్డి గానీ కట్టెలు గానీ, ఆమె చేత్తో రెండు కుప్పలు పోస్తే మూడో మాట ఉండేది కాదు.

అన్నయ్య పోయాక, కాళ్లు పడిపోయిన కొడుకును ఆమె ఒక ఆడగుర్రం బరువులు మోసిన కూలితోనే సాకుతోంది. పక్కింట్లో గుర్రపు జీన్లు కుట్టేవాడికీ ఒక పడుచు గుర్రం ఉంది. రెండూ ఒకే వాలులో మేసేవి, ఒకదాని వెనక ఒకటి కొండెక్కేవి. "అక్కా, నువ్వు గాలిని కూడా రెండు మూటలు కట్టి పంచుతావు" అని అతను నవ్వేవాడు.

వానలు పట్టాక రెండూ చిక్కిపోయాయి. మేత తగ్గలేదు, పొట్టలు మాత్రం ఉబ్బాయి, పక్కటెముకలు తేలాయి. తోకలు గోడకేసి రుద్దుకునేవి. లద్దెలో తెల్లటి పురుగులు కదిలాయి. పశువుల డాక్టరును కింది ఊరి నుంచి పిలిపించింది కూడా నేనే. ఆయన నా మాట కాదనలేదు. సంచిలో మిగిలిన ఒక్క గొట్టం నులిపురుగుల మందు వదిన చేతిలో పెట్టి, మొత్తం ఒక్క గుర్రానికే పట్టించమని చెప్పి దిగిపోయాడు.

ఆయన మలుపు తిరిగాడో లేదో, వదిన సగం తన గుర్రం నోట్లో, సగం పక్కింటి గుర్రం నోట్లో నొక్కింది. ఒకే వాలులో మేసిన వాటికి వేరు వాటా ఎలా పెడతామంది. ఊరంతా మెచ్చుకుంది.

కొన్నాళ్లు లద్దె శుభ్రంగా కనిపించి, మళ్లీ మొదలైంది. ఈలోగా కొండచరియ విరిగి, కింది అంగడి దాకా బళ్లు వచ్చే దారి మూసుకుపోయింది. డాక్టరు పాపం నడిచే వచ్చాడు, మళ్లీ ఒక్క గొట్టంతో. మిగతా సరుకు దారి తెరిచాకే అన్నాడు. సగం మందుకు చావని పురుగు రాటుదేలుతుందని, ఈసారి పంచితే రెండూ పోతాయని గట్టిగా చెప్పాడు.

పెరట్లో జీన్లవాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నువ్వే చెప్పక్కా. ఎప్పుడూ నువ్వేగా చెప్పేది."

వదిన గొట్టం మూత తీసింది.

"నాదానికే వేస్తున్నాను. ఇది పడిపోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. నీకు జీన్లు కుట్టే సూది ఉంది."

"సూది ఉందిలే అక్కా. తోలు మోసి తెచ్చేదెవరు?"

 ఆమె తన గుర్రం దవడ ఎత్తిపట్టి మందంతా నొక్కింది.

"సరే. నీ తక్కెడ కూడా మొగ్గుతుందని ఇవాళ తెలిసింది" అన్నాడతను.

"మొగ్గింది. దాచుకోను."

ఆమె గుర్రం కోలుకుంటోంది. ఒంటి వెంట్రుకలకు మెల్లగా నిగారింపు వస్తోంది. అతని గుర్రం కడుపునొప్పికి పడి దొర్లుతోంది. లేపితే లేస్తుంది, లేపకపోతే లేదు. వదిన పురుగు పట్టిన ఆ పాత వాలుకు పోకుండా దూరం నుంచి గడ్డి కోసుకొచ్చి రెండు దొడ్లలోనూ వేస్తుంది. కోలుకుంటున్నదాని మీద బరువు పెంచకూడదని అతని తోలు మూటను తన వీపు మీదే ఎత్తుకుంటుంది. కిందనున్న అంగడి దగ్గర అతనే తాడు బిగించి కడతాడు, కానీ పలకడు.

మొన్న గడ్డి వాటాల తగవు వదిన గుమ్మం దాటి నా గుమ్మంలోకి వచ్చింది. తీర్చాను, బాగానే తీర్చాను. వాళ్లు వెళ్లాక నాకెందుకో అన్నం సయించలేదు.

వంతెన వేయించగలిగాను గానీ విరిగిన కొండను తీయించలేకపోతున్నాను. దారి తెరిచారేమోనని రోజూ వంతెన దాకా వెళ్లి చూస్తున్నాను. అక్కడి నుంచి వాళ్లు కొండెక్కడం కనిపిస్తుంది. ముందు గుర్రం, దాని వెనక తోలు మూటతో నడుము వంగి మా వదిన. దారి ఇంకా తెరవలేదు.