ఐలేశం తాత అడిగే క్షేమం

మా ఐలేశం తాత ఎదుటి మనిషిని "బాగున్నవా?" అని ఒక్కనాడూ అడగలేదు. అడిగితే గొర్ల క్షేమమే అడుగుతాడు.

పెళ్లిపీటల మీద అక్షింతలు వేస్తూ కొత్త పెళ్లికూతురిని, "మీ మందల పిల్లలెన్ని పుట్టినయి బిడ్డా?" అన్నాడు. ఆ పిల్ల బిక్కమొహం వేసింది. నేను జ్వరంతో పడుకుంటే గడపలో నిలబడి, "మీ నల్లమేక నెమరేస్తాందా?" అన్నాడు. అమ్మకు ఒళ్లు మండింది.

"పిల్ల కనవడ్తలేదా మామా?"

"కనవడ్డది. గందుకే అడిగిన."

మొన్న వానాకాలం శైలజ మేడం దవాఖాన నుంచి వచ్చి, ఏ వాడలో ఎంతమందికి మనసు దిగులుందో రాసుకుంది. ఇళ్లు చూపించడానికి నేను తోడు వెళ్లాను. కాపువాడలో నలభై ఇళ్లకు పదకొండు మంది తేలారు. మా గొల్లవాడలోనూ నలభై ఇళ్లే, తేలింది సున్నా. నిద్ర పడుతోందా అంటే అందరిదీ ఒకటే జవాబు: "మాకేమైంది? మంచిగున్నం."

"మీ కులపోళ్లకు దిగులే రాదా?" అని మేడం మురిసిపోయింది. "అయితే మనసు డాక్టరు కాపువాడకే వస్తడు. ఇక్కడికెందుకు?"

అప్పటికి మేం ఆఖరి ఇంటికి, మా చిన్నమ్మ జానమ్మ వాకిట్లోకి వచ్చి ఉన్నాం. చిన్నమ్మ నెల నుంచి సరిగా తినడం లేదు. ఆమె కూడా "మంచిగున్న" అనే చెప్పింది. నేను చెప్పబోతే కళ్లతోనే వద్దంది.

అంతలో ఐలేశం తాత వచ్చి చిన్నమ్మ అరుగు మీద కూర్చున్నాడు.

"జానమ్మా, నీ గొర్లెట్లున్నయి?"

చిన్నమ్మ కొంగు మెలిపెట్టింది. "ఏం చెప్పాలె మామా. మేత ముడ్తలేవు. కండ్లు మూస్తలేవు."

"మందల కలుస్తున్నయా?"

"లేదు. దూరం దూరం నిలవడ్తున్నయి. ఎందుకు లేవాలె అన్నట్టే పండుకుంటున్నయి."

మేడం విసుక్కుంది. "తాతా, గొర్ల ముచ్చట పశువుల డాక్టరుకు చెప్పుకోండి."

"జర ఆగు బిడ్డా, రాసుకో," అన్నాడు తాత. "మోకాళ్లు పోయినయని జానమ్మ పోయినేడే గొర్లన్నీ అమ్మింది. గీ ఇంట్ల ఒక్క గొర్రె లేదు."

చిన్నమ్మ తల దించుకుంది.

రాసిన సున్నాను కొట్టేసి, మేడం మళ్లీ మొదటి ఇంటి నుంచి బయలుదేరింది. ఈసారి తాత ముందు, మేం వెనక. సాయంత్రానికి మా వాడలో పద్నాలుగు మంది తేలారు.

డాక్టరు మా వాడకు వచ్చి బడిలో కూర్చున్న రోజు చిన్నమ్మ లోపలికి పోనని మొండికేసింది. తాత గడప ముందు ఆమె విడిచిన చెప్పులు రెండూ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"సూపిచ్చుకొని రా, ఇస్త."

"ముసలోనికి సిగ్గు లేదు! ఆడోళ్ల చెప్పులు ఎత్తుకపోతవ్?" అని వాడంతా వినపడేలా తిడుతూ చిన్నమ్మ లోపలికి పోయింది. నెల రోజుల్లో ఆమె గొంతు అంత గట్టిగా వినడం అదే మొదటిసారి.