అశ్వత్థప్పను దారి అడిగితే

హిందూపురంలో ఎవరినైనా దారి అడగవచ్చు, అశ్వత్థప్పను తప్ప. ఆయన దారి చెప్పడు. మ్యాపు ఎక్కిస్తాడు.

ఆయనది పంపుసెట్టు సామాన్ల కొట్టు. పక్కనే నాది జాకెట్లు కుట్టే కొట్టు. మధ్యలో ఒక్క గోడే అడ్డం కాబట్టి ఆయన చేతికి చిక్కినవాళ్లందరి గోడూ నాకు వినబడుతూనే ఉంటుంది. ఎవరో పాపం బండి ఆపి "లేపాక్షికి ఎట్ల పోవాల సామీ?" అంటారు. అంతే. లోపలికి పిలిచి, బల్ల మీద కూర్చోబెట్టి, టీ తెప్పించి, "ఫోనియ్యి" అని చెయ్యి చాపుతాడు. ఆ తర్వాత గంభీరంగా అడుగుతాడు: "రాస్టరా, వెక్టరా?"

"ఏదైనా పర్వాలేదు సామీ, చక్కెర తక్కువ ఏయమనండి" అన్నాడొకాయన.

ఫోను చేతికి రాగానే మొదటి పని ఖాళీ చేయడం. "చూడప్పా, నీ ఫోన్లో గుడ్ మార్నింగ్ పూలే ఉండాయి. ఇంగ జిల్లాకు జాగా యాడుంటాది?" అంటూ పూలన్నీ పీకేస్తాడు. కొట్టులోని వైఫైతో జిల్లా మొత్తం దింపుతాడు. లేపాక్షికి పోయే మనిషికి ఎక్కడో ఉన్న తలుపుల మండలం దాకా ఎందుకని అడిగితే, "దారి తప్పేవాడు లెక్కగా తప్పుతాడా?" అంటాడు. ఈలోపు పొద్దు వాలిపోతుంది. లేపాక్షి చూద్దామని బయల్దేరినవాళ్లు అశ్వత్థప్పను చూసి ఇంటికి మళ్లిన సందర్భాలున్నాయి.

ఒకాయన బస్టాండు ఎక్కడని అడిగాడు. మా కొట్టు మెట్ల మీద నిలబడితే బస్సులు లోపలికి తిరగడం కనబడుతుంది. అయినా అశ్వత్థప్ప వేలెత్తి చూపించలేదు. మ్యాపు పూర్తిగా దిగేసరికి ఆయన ఎక్కాల్సిన బస్సు కాస్తా వెళ్లిపోయింది. "పోతే పోనీలేప్పా. అది ఏ దారిన పోయిందో ఇప్పుడు నీ ఫోన్లో ఉండాది గదా" అని ఓదార్చి ఇంకో టీ తెప్పించాడు.

ధర్మవరం నుంచి చీరలు నేసి తెచ్చే ఈశ్వరప్ప ఒకరోజు ధైర్యం చేసి అడిగేశాడు. "అన్నా, ఈ రాస్టరు వెక్టరు అంటే ఏంది?"

అశ్వత్థప్ప మొహం వెలిగిపోయింది. "నువ్వు నేతగాడివి, నీకు చెప్పేది సులువు. చీరను ఫోటో తీసినావనుకో. కొంగు, పువ్వు, మరక అన్నీ పడతాయి. దగ్గరికి లాగితే మాత్రం మసకైపోతాది. అది రాస్టరు. కొండ, బావి, బండిబాట అన్నీ బొమ్మలో ఉంటాయి, కానీ బొమ్మ ఎప్పుడు గీస్తే అప్పటి లోకమే. వెక్టరంటే మీ డిజైను గీత. చిన్న అంచుకైనా పెద్ద అంచుకైనా గీత గీతలాగే ఉంటాది. తక్కువ జాగాలో ఇముడుతాది, మలుపు మలుపుకూ నోరు తెరిచి చెప్తాది."

"మరి సిగ్నలు లేకుంటే?"

"ముందే లోపల ఏసుకోని ఉంటే సిగ్నలు ఎందుకప్పా? పైనుండే ఉపగ్రహం నువ్వు యాడుండావో చూస్తానే ఉంటాది."

ఈశ్వరప్ప ఆకాశం వైపు చూసి, చొక్కా గుండీలు సరిచేసుకున్నాడు.

ఇంత జ్ఞానం పంచే మనిషి కొట్టు మాత్రం చాలా మధ్యాహ్నాలు మూసి ఉండేది. భోజనం చేసి కునుకు తీస్తున్నాడని మేమంతా అనుకునేవాళ్లం.

పోయిన మాఘమాసంలో నాకూ ఆయన అవసరం పడింది. మడకశిర దాటాక, అగళి ఇవతల ఒక పల్లెలో పెళ్లి. పెళ్లికూతురి పట్టుచీర ధర్మవరం నుంచి ఆలస్యంగా వచ్చింది. ముహూర్తం మర్నాడు తెల్లవారుజామున. నేను జాకెట్టు కుట్టడం, నా భార్య రేఖ కొంగుకు కుచ్చులు కట్టడం ముగిసేసరికి మధ్యాహ్నమైంది. ఆ పల్లె ఎటో నాకు తెలియదు. పెళ్లివాళ్ల ఫోను కలవడం లేదు. చీర అందకపోతే ఆ పిల్ల పీటల మీదికి ఏం కట్టుకుని వస్తుంది?

రేఖ గోడవైపు చూసింది. నేను వద్దని తలాడించాను. వేరే దారి లేక వెళ్లాం.

ఆశ్చర్యం, ఆ రోజు ఆయన టీ కూడా తెప్పించలేదు. గబగబా రెండు మ్యాపులూ ఎక్కించి, "రోడ్డుకు వెక్టరు మాట విను ప్రసాదూ. రాస్టరు కొండగుర్తు చూసుకునేకి మాత్రమే" అన్నాడు.

రేఖను బండి ఎక్కించుకుని బయల్దేరి, మడకశిర దాటేదాకా ఆయన మాట విన్నాను. తర్వాత సిగ్నలు పోయింది. మ్యాపు మాత్రం చెక్కుచెదరలేదు. అప్పుడే బుద్ధి గడ్డి తిని రాస్టరు తెరిచాను. తారురోడ్డు చుట్టూ తిరిగిపోతుంటే, బొమ్మలో ఒక బండిబాట నేరుగా పల్లెకే పోతోంది.

"ఆయప్ప వద్దన్న్యాడు గదా" అంది రేఖ.

"దగ్గర దారి. తొందరగా చేరుకుంటాం" అన్నాను.

కొంత దూరం పోయాక బండిబాట పోయి దానిమ్మ తోట వచ్చింది. ఎదురుగా ముళ్లకంచె. ఫోను మాత్రం బాటను నిక్షేపంగా చూపిస్తోంది. వెక్టరు పెడితే "వెనక్కి తిరగండి" అంటుంది, ఏ వెనక్కో నాకు తెలియడం లేదు. రేఖ చీర మూటను గుండెకు హత్తుకుని, ముళ్లు తగలకుండా పక్కకు జరిగింది.

ఇంతలో వెనక మోపెడ్ చప్పుడు. దుమ్ములోంచి అశ్వత్థప్ప.

"ఈడికెట్ల వచ్చినావన్నా?" అన్నాను.

"పంపుసెట్టుకు వాషరు కావాలన్న్యారు ఎవురో" అన్నాడు, అటూ ఇటూ చూస్తూ.

చుట్టుపక్కల మనిషి జాడ లేదు. రేఖ మోపెడ్ బుట్టలోకి చూసింది. వాషరూ లేదు.

"రండి, నేనూ అటే పోతాండా" అని ముందు దారి తీశాడు. పల్లెలో పెళ్లిపందిరి కనబడేదాకా తీసుకెళ్లాడు. పెళ్లికూతురి తల్లి మా చేతిలో మూట చూసి అరుగు మీద కూలబడి, "వచ్చినారా తల్లీ" అని ఏడ్చినంత పని చేసింది. రేఖ ఆమెకు చీర విప్పి చూపిస్తుంటే నేను వెనక్కి తిరిగాను. అశ్వత్థప్ప అప్పటికే వెళ్లిపోయాడు.

మర్నాడు ఆయన భార్య పద్మావతమ్మ జాకెట్టు గుడ్డ తెచ్చినప్పుడు, రేఖ ఉండబట్టలేక అడిగింది. "వదినా, నిన్న అన్న అగళి దిక్కు ఎందుకొచ్చినాడు?"

పద్మావతమ్మ నవ్వింది. "మీకోసమే వచ్చింటాడు. మా పెండ్లయిన కొత్తల్లో ఒక ముసలామె ధర్మవరం బస్సు ఏదంటే చెయ్యి చూపించినాడంట. అది పెనుకొండ దాకానే పోయే బస్సు. ఆయమ్మ ఎట్ల పోయిందో ఏమో అని ఇప్పటికీ అంటాంటాడు. అందుకే నోటితో దారి చెప్పడు. మ్యాపు ఎక్కించినంక గూడా నమ్మకం చాలదమ్మా. దారి కష్టమైందయితే కొట్టు మూసి ఎనకాల్నే పోతాడు. చేరినారని చూసినంకనే ఇంటికొచ్చి అన్నం తింటాడు. మీకు చెప్పినానని ఆయనతో అనొద్దండి, సిగ్గుపడతాడు."

మేము అనలేదు.

మొన్న పెనుకొండ కొండ వెనకాల ఒక పల్లెకు పోవాల్సి వచ్చింది. బుద్ధిగా వెళ్లి మ్యాపు ఎక్కించుకున్నాను. ఆయనది పాత మోపెడ్ కదా, అందుకోలేదేమోనని బండిని నెమ్మదిగా నడిపాను. పెనుకొండ చేరాక చెట్టునీడలో ఆగి, ఎండగా ఉందని ఎళనీరు, అదే కొబ్బరిబోండాం, కొట్టమన్నాను.

"ఒకటేనా?" అన్నాడు ఎళనీరతను.

"రెండు కొట్టప్పా. ఎనక ఒకాయన వస్తాండాడు."