నాగూర్ జిగురు డబ్బా

మునిసిపాలిటీలో బిళ్ల బంట్రోతు నాగూర్ రోజూ తొమ్మిదింటికి ఖాకీ కోటు బొత్తాలన్నీ పెట్టుకుని, చంకలో నోటీసుల కట్ట, చేతిలో జిగురు డబ్బాతో బయల్దేరతాడు. ఆ జిగురు ఆఫీసు ఇవ్వదు. పొద్దున్నే అతని భార్య రహీమా ఇంట్లో బియ్యప్పిండితో కాచి పెడుతుంది. పన్నెండేళ్లుగా అంతే. ఎవరి తలుపు మీదైనా అతను ముందు అరచేత్తో దుమ్ము తుడుస్తాడు, కుంచెతో జిగురు రాస్తాడు, కాగితం ముడత పడకుండా మునివేళ్లతో నొక్కుతాడు, తర్వాత తల దించుకుని "ఏమనుకోకండి బాబూ, ఆర్డరండి" అంటాడు.

నిన్న అంటించిన నోటీసులు కొల్లేటి పడవలు ఆగే కాలవ గట్టు మీది గుడిసెలవి. మురుగునీళ్లు పోవడానికి అవి అడ్డమట, కలెక్టరు దొర వచ్చేలోగా పీకెయ్యాలట! మురుగు మీదే మెట్లు కట్టించుకున్న చైర్మన్ గారి బియ్యం మిల్లు మాత్రం దేనికీ అడ్డం కాదు. కౌన్సిల్లో పదహారు మందీ ఆ మెట్లెక్కే మిల్లులోకి వెళ్లి కాఫీలు తాగుతారు, ఒక్కడికీ నోరు లేవదు. పదకొండో నోటీసు నాగూర్ పేరు మీదే ఉంది. అతను తన తలుపు దుమ్ము కూడా తుడిచాడు, కాగితం అంటించి మూలలు నొక్కాడు, అలవాటుగా "ఏమనుకో..." అని ఆగిపోయాడు. గడపలో నిలబడ్డ రహీమా ఆ కాగితాన్ని, అతని చేతిలో డబ్బానీ చూసింది.

"బాగానే అంటుకుందండి. రేపటి జిగురు పొయ్యి ఎక్కడ పెట్టుకుని కాయాలో మీ చైర్మన్ గారిని అడిగి రండి."